రెండు బస్తాల సిమెంటు

(యంత్రం – కులం: ఆరో భాగం)



రాజాం నుంచి పాలకొండ రోడ్డు గానీ చీపురుపల్లి రోడ్డు గానీ పట్టుకుని ఒక గంట బండి మీద తిరిగి రండి. ఇసుక దింపే చోట, ఇటుక బట్టీ దగ్గర, గెత్తం ఎత్తే చోట ముందు లోడర్ బిగించిన ట్రాక్టర్ కనబడితే ఆగండి. అందరూ బకెట్ వైపే చూస్తారు. మీరు వెనక్కి వెళ్లి చూడండి. నాగలి, రోటవేటర్ తగిలించే లిఫ్ట్ చేతులు ఉంటాయి కదా, వాటికి ఏం వేలాడుతోంది? చాలా బళ్లకు ఏమీ ఉండదు. కొన్ని బళ్లకు మనుషులు ఉంటారు.

ఇవాళ్టి వ్యాసం ఆ ఖాళీ గురించి, ఆ మనుషుల గురించి.

ముందు నా మాట సూటిగా చెప్పేస్తాను. లోడర్‌తో బరువెత్తే ట్రాక్టర్‌కి వెనక ఇనుముతోనో కాంక్రీటుతోనో ఎదురు బరువు కట్టాలి. కట్టకుండా పని చేయించడం యజమాని చేసే నేరం. ఆ బరువు ఉండాల్సిన చోట మనిషిని కూర్చోబెట్టడం కులం చేసే నేరం. మొదటిదాన్ని లెక్కతో చూపిస్తాను. రెండోదానికి లెక్క అక్కర్లేదు, మన ఊళ్లు చాలు.

ట్రాక్టర్‌ని లాగడానికి తయారుచేశారు. నాగలి లాగాలంటే వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకోవాలి, కాబట్టి ఖాళీ బండి బరువులో సగానికి పైగా వెనక ఇరుసు మీదే ఉంటుంది. ముందు చక్రాలు చిన్నవి, ముందు ఇరుసు సన్నది. అలాంటి బండికి ముందు వైపు బకెట్ బిగించి బరువెత్తించారనుకోండి. అప్పుడు బండి మొత్తం ఒక తక్కెడ అయిపోతుంది. ముందు ఇరుసు దాని ముల్లు. ఒక పక్క బకెట్, రెండో పక్క ట్రాక్టర్ వెనక భాగం. బకెట్ ఎంత కిందికి నొక్కితే వెనక భాగం అంత తేలికవుతుంది.

లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. బండి 2,000 కిలోలు. అందులో వెనక ఇరుసు మీద 1,200, ముందు ఇరుసు మీద 800. రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. బకెట్, అందులోని తడి ఇసుక కలిపి 700 కిలోలు, ముందు ఇరుసుకి మీటరున్నర ముందుకి ఉంది. 700ని 1.5తో గుణించి 2తో భాగించండి. 525 వస్తుంది. వెనక ఇరుసు మీద నుంచి 525 కిలోలు లేచిపోయాయి. 1,200 ఉన్న చోట 675 మిగిలింది. ముందు ఇరుసు మీద 800 ఉండాల్సింది 2,025 అయింది. బండి కదలకుండా నిలబడి ఉంటేనే ఈ సంగతి. గుంతలో పడి ఎగిరినా, డ్రైవర్ హఠాత్తుగా ఆపినా, వెనక మిగిలిన ఆ 675 కూడా కొన్ని క్షణాల పాటు నమ్మకంగా ఉండదు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. మన ఊళ్లలో తిరిగే మామూలు ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వెనక చక్రం తేలితే బ్రేకు పెడల్ కింద కాలు ఉంటుంది గానీ బ్రేకు ఉండదు. చెరువు గట్టు దిగుతున్నప్పుడు బండి ఆగదు. ఇంకో సంగతి. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. ఎగుడుదిగుడు నేలలో నాలుగు చక్రాలూ తాకాలని అలా కట్టారు. అంటే ట్రాక్టర్ నిజంగా నిలబడేది ఒక ముక్కోణం మీద: రెండు వెనక చక్రాలు, ముందున్న ఆ పిన్ను. బరువు ముందుకి జరిగే కొద్దీ ఆ ముక్కోణం సన్నబడే కొస వైపు పోతుంది. బకెట్ పైకెత్తితే గరిమనాభి కూడా పైకి లేస్తుంది. అప్పుడు ఒక పక్క చక్రం గట్టు ఎక్కితే చాలు, బండి ముందుకి వాలడం కాదు, పక్కకి పడిపోతుంది. అది పడటానికి పట్టే ఒకటి రెండు సెకన్లలో డ్రైవర్ దూకలేడు. దూకినా ఎటు దూకాలో తేల్చుకోలేడు.

ఇప్పుడు అదే బండికి లిఫ్ట్ చేతులకు 500 కిలోల దిమ్మ తగిలించండి. అది వెనక ఇరుసుకి మీటరు వెనకాల ఉందనుకోండి. 500ని 3తో గుణించి 2తో భాగిస్తే 750. వెనక ఇరుసు మీద 750 కిలోలు పెరిగాయి, ముందు ఇరుసు మీద 250 తగ్గాయి. 675 ఉన్న వెనక ఇరుసు 1,425కి చేరింది. దిమ్మ 500 కిలోలే, చేసిన పని 750 కిలోలది, ఎందుకంటే అది ఇరుసు వెనకాల వేలాడుతోంది. వెనక టైర్లలో ముప్పావు వంతు దాకా నీళ్లు నింపినా, చక్రాలకు పోత ఇనుప బిళ్లలు బిగించినా మేలే. కాకపోతే ఆ బరువు ఇరుసు దగ్గరే ఆగిపోతుంది, ముందు ఇరుసు భారం తగ్గించదు. ఇరుసు వెనకాల వేలాడే బరువే రెండు పనులూ చేస్తుంది. జేసీబీ ముందు బకెట్ నిండా ఎత్తినా నిలకడగా ఉండటానికి ఒక కారణం వెనకున్న తవ్వే చెయ్యి. కంపెనీవాడు దాని బరువుని లెక్కలో కలిపే ఆ బండిని కట్టాడు. మన ట్రాక్టర్‌కి లోడర్ తర్వాత తగిలిస్తారు. లెక్క మాత్రం ఎవరూ తగిలించరు.

ఇంతకీ ఆ దిమ్మ ఎంత? రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న కాంక్రీటు దిమ్మ సుమారు 540 కిలోలు తూగుతుంది. దానికి పట్టే సిమెంటు రెండు బస్తాలు. కొంచెం కంకర, కొంచెం ఇసుక, లిఫ్ట్ చేతులు తగిలించడానికి వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప చట్రం. లక్షలు పోసి బండి కొని, మళ్లీ డబ్బు పోసి లోడర్ బిగించుకున్నవాడికి రెండు బస్తాల సిమెంటు బరువా?

బరువు కాదు. అవసరం లేదనుకుంటాడు, అంతే. ఎందుకు అవసరం లేదంటే, బండి వెనక తేలిందని డ్రైవర్ చెబితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "ఏటవుద్దిరా, ఆ గుంటల్ని ఇద్దర్ని ఎనకాల కూకోమను."

ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. అరవై కిలోల మనిషి మడ్గార్డు మీద కూర్చుంటే వెనక ఇరుసు మీద పెరిగేది దాదాపు అరవై కిలోలే. లిఫ్ట్ చేతుల మీద, మీటరు వెనక్కి నిలబడితే తొంభై. మనం అనుకున్న దిమ్మ చేసే పని చేయాలంటే ఎనిమిది మంది మనుషులు ఆ ఇనుప చేతులకు వేలాడాలి. అంటే మనిషిని కూర్చోబెట్టడం వల్ల బండికి కలిగే మేలు దాదాపు సున్నా. బండి పక్కకి పడితే ముందు నలిగేది మాత్రం మడ్గార్డు మీద ఉన్నవాడే. ఇంజనీరింగ్ ప్రకారం పనికిరాని ఈ పద్ధతి ఇన్నేళ్లుగా ఎందుకు నడుస్తోంది? ఇది ఇంజనీరింగ్ నుంచి వచ్చిన పద్ధతి కాదు కాబట్టి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లం మనకు తెలియాలి. జానపద సాహిత్యం పాఠంలో ఏతం పాటలు చెబుతాం. ఒకడు నూతి దగ్గర బాన వంచుతాడు, ఇంకొకడు ఏతం మాను మీద ముందుకీ వెనక్కీ నడుస్తాడు. అలా నడిచేవాడు ఏం చేస్తున్నాడు? ఎదురు బరువుగా పని చేస్తున్నాడు. అతని ఒళ్లే రాయి. శ్రమలోంచి పాట పుట్టిందని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. మాను మీద కాలు జారితే అతనేమయ్యేవాడో ఎవరూ ప్రశ్నగా అడగరు. దమ్ము చేసిన మడిలో చదును పలక మీద మనిషిని నిలబెట్టడం కూడా అంతే. పలక నేలని ఒత్తాలి, బరువు కావాలి, రాయి వెతకడం దేనికి, పాలేరు ఉన్నాడు.

ఏతం పోయింది, మోటారు వచ్చింది. ఎద్దు పోయింది, ట్రాక్టర్ వచ్చింది. మనిషి ఒంటిని తూకపు రాయిలా వాడే అలవాటు మాత్రం కొత్త బండి ఎక్కి కూర్చుంది.

"ట్రాక్టర్ కింద పడితే ఏ కులంవాడైనా చస్తాడు, ఇందులో కులం ఎక్కడుంది?" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, గరిమనాభికి కులం లేదు. కూర్చునే చోటుకి ఉంది. బండి పేపర్లు ఎవరి పేరున ఉన్నాయి, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది, మడ్గార్డు మీద ఎవరున్నారు, ట్రాలీలో ఇసుక మీద ఎవరున్నారు — ఈ నాలుగు ప్రశ్నలకు మీ ఊళ్లో జవాబులు రాసుకోండి. పై నుంచి కిందికి చదివితే అది మీ ఊరి పటం. భూమి ఉన్నవాడికి అప్పు పుడుతుంది. అప్పు పుట్టినవాడికి ట్రాక్టర్ వస్తుంది. భూమి లేనివాడు ఆ ట్రాక్టర్ మీదికి కూలికి వస్తాడు.

భూమి ఎందుకు లేదు అని ఈ ప్రాంతంలో అడిగితే ఏం జరిగిందో గుర్తు చేస్తాను. మన పక్కనే వంగర మండలం లక్ష్మీపేట. మడ్డువలస ప్రాజెక్టు కోసం ప్రభుత్వం తీసుకోగా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నందుకు 2012 జూన్ 12న ఐదుగురిని చంపారు. ఆ భూమి దక్కి ఉంటే వాళ్లలో ఎవరైనా ట్రాక్టర్ కొనుక్కునేవాళ్లేమో. భూమి పోరాటం ఒకటి, ట్రాక్టర్ భద్రత ఇంకొకటి అనుకునే మిత్రులు ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం కొలవండి. రాజాం నుంచి లక్ష్మీపేటకి ఉన్నంతే.

ఇక చావు తర్వాత జరిగేది. డ్రైవర్ చనిపోతే ఊళ్లో మొదట వినబడే మాట "తాగి తోలాడు". రెండో మాట "స్పీడుగా తోలాడు". కేసు డ్రైవర్ నిర్లక్ష్యం మీద నడుస్తుంది. నిర్లక్ష్యం చేసినవాడే చనిపోయాడు కాబట్టి అక్కడితో మూసేస్తారు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యంతో ప్రాణం తీయడానికి శిక్ష ఉంది. ఆ నిర్లక్ష్యం స్టీరింగ్ దగ్గరే ఉండాలని అందులో ఎక్కడా రాసి లేదు. వెనక బరువు కట్టకుండా బండి ఇచ్చి పంపినవాడి నిర్లక్ష్యం సంగతేమిటి? ఈ ప్రశ్న ఎఫ్ఐఆర్ రాసే రోజునే అడగాలి. బండి వెనక ఏముందో, ఏం లేదో ఫోటో తీసి పెట్టండి. మర్నాటికి ఆ బండి అక్కడ ఉండదు.

తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు. దినం ఖర్చులకు ఇంత, పిల్లలకు ఇంత అని తేలుస్తారు. ఆ అరుగు మీద ఎవరూ చెప్పని నాలుగు సంగతులు విద్యార్థులు, కార్యకర్తలు నోటికి నేర్చుకోవాలి.

ఒకటి. 1923 నాటి పరిహార చట్టం రెండో షెడ్యూలులోనే ట్రాక్టర్లతో వ్యవసాయం చేసే పనివాళ్లు ఉన్నారు. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు. పరిహారం అనేది యజమాని దయ కాదు.

రెండు. "రోజు కూలికి వచ్చాడు, మా మనిషి కాదు" అనే వాదన చెల్లదు. తాత్కాలిక పనివాళ్లను బయట పెట్టే మాటల్ని 2000లో చేసిన సవరణతోనే తీసేశారు.

మూడు. "తాగి ఉన్నాడు" అనే వాదన గాయాల కేసులో యజమానికి పనికి రావచ్చు. చావు గానీ, పూర్తి శాశ్వత వైకల్యం గానీ జరిగితే ఆ సాకు చెప్పి పరిహారం ఎగ్గొట్టే వీలు చట్టం ఇవ్వలేదు. దీన్ని గట్టిగా పట్టుకోండి. పంచాయితీలో మన నోరు మూయించేది ఎక్కువగా ఈ ఒక్క మాటే.

నాలుగు. చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. పాత చట్టం కింద లెక్కకు తీసుకునే జీతం పరిమితిని 2020 జనవరిలో 15,000 చేశారు. పాతికేళ్లవాడికి ఆ అంకె 216.91. 7,500ని దానితో గుణించండి. పదహారు లక్షల పైచిలుకు. ఇప్పుడు అరుగు మీద తేల్చిన మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అర్జీ పెట్టడానికి రెండేళ్ల గడువు. కార్మిక శాఖలో పెట్టాలి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ట్రాక్టర్ మీద సీటు డ్రైవర్‌కి ఒక్కడికే. మడ్గార్డు మీద కూర్చున్నవాడు కంపెనీ లెక్కలో ప్రయాణికుడు కాడు, అసలు ఎవరూ కాడు. 2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీ మీద ఉన్న కూలి మనిషి గాయపడ్డాడు. పాలసీ వ్యవసాయ పనికే ఉంది కాబట్టి కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అతను పేదవాడని తన ప్రత్యేక అధికారం వాడి, కంపెనీ ముందు డబ్బు ఇచ్చి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంది. ఒక కూలివాడికి న్యాయం దొరకడానికి ఢిల్లీ దాకా వెళ్లాలి, అదీ కోర్టు జాలి పడితే. వెనక బరువుని ఆ కూలి వాడుకున్నప్పుడు లేని చిక్కులన్నీ పరిహారం దగ్గర మొలుస్తాయి.

చట్టం చేయలేక కాదు. ధాన్యం నూర్చే మిషన్లలో చేతులు తెగిపోతుంటే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే ఇనుప చట్రం తప్పనిసరి చేసింది. అమెరికా 1976 నుంచి జీతగాళ్లు నడిపే కొత్త ట్రాక్టర్లకు అదే నియమం పెట్టింది. మన దేశంలో తయారై అమెరికాకు ఓడ ఎక్కే ట్రాక్టర్‌కి ఆ చట్రం, సీటు బెల్టు ఉంటాయి. రాజాం రోడ్డు మీద తిరిగేవాటిలో ఎన్నిటికి ఉన్నాయో మీరే చూసి చెప్పండి. ఇనుము అదే, కార్మికుడి ప్రాణానికి కట్టే ధర మారింది.

ఇప్పుడు మనవాళ్లతో ఒక తగువు. "ఇవన్నీ సేఫ్టీ ఆఫీసర్ మాటలు, ఉద్యమం మాటలు కావు" అనే సణుగుడు మన దగ్గర ఉంది. బాబాసాహెబ్‌ని విగ్రహంగా మాత్రమే చూస్తే అలాగే అనిపిస్తుంది. 1945లో కాంగ్రెస్, గాంధీలు అంటరానివారికి ఏం చేశారో లెక్క తీసిన పుస్తకంలో ఆయన యంత్రాన్ని వెనకేసుకొచ్చాడు. మనిషికి తీరిక, చదువు, సంస్కృతి దక్కాలంటే పశువులా చేసే చాకిరీ యంత్రానికి పోవాలన్నాడు. యంత్రం వల్ల కీడు జరిగితే తప్పు యంత్రానిది కాదు, దాన్ని కొందరి లాభానికి వాడే సమాజపు ఏర్పాటుది అన్నాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది ఆయనే. బరువుని యంత్రం మోయాలి. మనం మాట్లాడుతున్న బండిలో యంత్రం బరువెత్తుతోంది, ఆ యంత్రాన్ని మనిషి మోస్తున్నాడు. దీన్ని తిరగేయడం అంబేడ్కర్ రాజకీయం కాకపోతే ఇంకేది అవుతుంది?

ఇంకో తగువు మన కుర్రాళ్లతో. వెనక చక్రం గాలిలో లేచినా బండిని దించేవాణ్ణి మొనగాడంటాం. వీడియో తీస్తాం. తమ్ముడూ, ఆ మొనగాడితనం యజమానికి రెండు బస్తాల సిమెంటు మిగిల్చింది. నీకేం మిగిల్చింది? "వెనక బరువు కట్టకపోతే బకెట్ ఎత్తను" అనడానికి కావలసిన ధైర్యం దానికంటే పెద్దది. ఒక్కడు అంటే పని పోతుంది. ఊళ్లో తోలేవాళ్లందరూ అంటే దిమ్మ వస్తుంది.

చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను.

రాజాం ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు. పైన వేసిన లెక్క మొదటి సంవత్సరం మెకానిక్స్ పాఠం. విద్యార్థి మిత్రులు మండలానికి నలుగురు చొప్పున బయల్దేరి ఒక్కో లోడర్‌కి ఎంత వెనక బరువు కావాలో లెక్క కట్టి, తెలుగులో, ఒక్క కాగితం మీద డ్రైవర్ చేతికి ఇవ్వాలి. బండితో, లోడర్‌తో వచ్చిన పుస్తకంలో కంపెనీ చెప్పిన బరువేమిటో అడిగి చూడాలి. గుండ్రటి అంకెలతో నేను వేసిన లెక్క అర్థం కావడానికే. బండి బండికీ లెక్క వేరు.

అదే కాగితం మీద ఈ మాటలు కూడా రాయండి. బరువుతో కదిలేటప్పుడు బకెట్ నేలకి దగ్గరగా ఉండాలి. ఎత్తి పట్టుకుని మలుపు తిప్పకూడదు. వాలులో బరువు ఎప్పుడూ మెరక వైపే ఉండాలి, ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్సులో. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే లాచ్ వేసి ఉండాలి. డ్రైవర్ తప్ప ఇంకో మనిషి బండి మీద ఉండకూడదు.

కూలి సంఘాలు కూలి రేటుతో పాటు ఈ షరతునీ ఒప్పందంలో పెట్టాలి. సబ్సిడీ మీద యంత్రాలిచ్చే వ్యవసాయ శాఖ, లోడర్ ఇచ్చిన ప్రతిచోటా వెనక బరువు లేకుండా బండి బయటికి పంపకూడదు. యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మనకు రాష్ట్రం ఆ చివర. రాజాం కుర్రాడు రోజు కూలి వదులుకుని అక్కడికి వెళ్లడు. శిక్షణే మండలానికి రావాలి.

2022 ఏప్రిల్‌లో రాజాంని శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మార్చారు. బోర్డులు మారాయి, ఆఫీసులు మారాయి. మడ్గార్డు మీద కూర్చునేవాడు మారలేదు. 2008 పునర్విభజనతో మనది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం కూడా అయింది. ఓటు అడగడానికి వచ్చేవాళ్లని ఈసారి ఈ సంగతి అడగండి: లోడర్ వెనక దిమ్మ కట్టించే జీవో తెస్తారా, తేరా? ఖజానాకి అయ్యే ఖర్చు ఒక కాగితం. యజమానికి అయ్యే ఖర్చు రెండు బస్తాల సిమెంటు. ఇన్నాళ్లూ ఆ సిమెంటు బదులు మన ఒళ్లు ఇచ్చాం. ఇక ఇవ్వం.

వచ్చే భాగంలో వరికోత మిషన్, ఆడకూలీల పని దినాల గురించి రాస్తాను.

జై భీమ్.